ఖరీదైన ముద్ద నోట్లో పెట్టుకునే ముందు

మన ఇళ్లలో ఖరీదైన తిండి వస్తువుకు మామూలుగా రెండే గతులు. దుబాయి నుంచో అమెరికా నుంచో ఎవరో తెచ్చిన డబ్బాను "మంచి రోజు చూసి విప్పుదాం" అని ఫ్రిజ్‌లో పెడతాం. ఆ మంచి రోజు వచ్చేలోపు తేదీ దాటిపోతుంది. లేదా చుట్టాలంతా చేరిన నాడు విప్పి, అప్పటికే బిర్యానీ, మిర్చీ కా సాలన్ తిని ఉన్న నోళ్లలో తలా ఒక చిటికెడు పెడతాం. "గింత దానికి గన్ని పైసలా?" అని ఎవరో ఒకరు అననే అంటారు. ఎటు చూసినా డబ్బు ఖర్చయింది, రుచి మాత్రం ఎవరికీ అందలేదు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

నేను ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి దుకాణంలో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. హనుమకొండ నయీంనగర్‌లో ఉంటాం. బిడ్డ, అల్లుడు హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తారు. వాళ్ల ప్రోత్సాహంతోనూ, నాకున్న ఆసక్తితోనూ కేవియార్ అనే చేప గుడ్ల దగ్గర్నుంచి గుచ్చి అనే కొండ పుట్టగొడుగుల దాకా కొన్ని రుచి చూశాను. ఇవన్నీ పైసలున్నోళ్ల వ్యవహారం అనే మాటను నేను ఒప్పుకోను. ఏడాదికి ఒకటో రెండో, కొద్ది మోతాదులో, పద్ధతి తెలిసి తింటే జీతం మీద బతికే ఇంటికి కూడా అందుతాయి. మొదటిసారి తినబోయేవాళ్ల కోసం ఆ పద్ధతి రాస్తున్నాను.

ఈ ధర దేనికి?

కొనే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. మా మార్కెట్లో ఖరీదుదారు బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి దింపి అడుగున ఉన్న కాయను బయటికి లాగుతాడు. గుప్పిట్లో నలుపుతాడు. గలగలమంటే ఎండింది, వంగితే తేమ ఉంది. రంగు చూస్తాడు, తొడిమ చూస్తాడు, తాలు ఎంత కలిసిందో చూస్తాడు. జెండా పాట అనే వేలంలో ఆ రోజు పై ధర పలికినా అది ప్రతి బస్తాకూ రాదు. ఇక మన చపాటా మిర్చి ఉంది, 2025లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకుంది. దానికి కారం తక్కువ, రంగు ఎక్కువ. ఆ రంగుకే ధర. రంగు కోసం పండించిన కాయను కారం కోసం కొరికి "ఇదేం మిరపకాయ" అంటే తప్పు కాయది కాదు. ఖరీదైన తిండి విషయంలో కూడా అంతే: ఏ గుణానికి డబ్బు పెడుతున్నామో తెలిస్తే నాలుక దాన్నే వెతుక్కుంటుంది.

కుంకుమపువ్వు ధరలో ఎక్కువ భాగం మనుషుల చేతి పనిది. ఒక్కో పువ్వులో మూడే ఎర్రటి పోగులు ఉంటాయి. వాటిని చేత్తోనే తీయాలి. కిలో కావాలంటే సుమారు లక్షన్నర పువ్వులు కోయాలి. కేవియార్ ధర కాలానిది. స్టర్జన్ అనే చేప కడుపులోని గుడ్లు అవి. అందులో బెలూగా జాతి ఆడచేప గుడ్డుకు రావడానికి పదిహేను, ఇరవై ఏళ్లు కూడా పడుతుంది. ఇటలీలో మోదెనా ఊరి సంప్రదాయ బాల్సమిక్ వెనిగర్‌ను చెక్క పీపాల్లో కనీసం 12 ఏళ్లు ఉంచుతారు, మేలు రకాన్ని 25 ఏళ్లు. నేల అడుగున పెరిగే పుట్టగొడుగు లాంటి తెల్ల ట్రఫుల్‌దీ, మన పుట్టగొడుగుదీ వేరే కథ. అవి మామూలుగా మనం నాటితే మొలిచేవి కావు, ఎక్కడ మొలిస్తే అక్కడికి మనం పోవాలి.

స్వీటు మీద, ఐస్‌క్రీం మీద, ఈమధ్య దోసె మీద కూడా అతికిస్తున్న బంగారు రేకు సంగతి చూడండి. దానికి రుచి లేదు, వాసన లేదు, ఒంటికి పట్టేది అంతకంటే లేదు. మొదటిసారి ఖరీదైనది తినాలనుకునేవాళ్లు దాని జోలికి పోవద్దని నా గట్టి సలహా. ఆ డబ్బుతో మంచి కుంకుమపువ్వు వస్తుంది.

ముందు నోటిని సిద్ధం చేసుకోవాలి

మన ఓరుగల్లు దిక్కు వంటలో కారం దండిగా పడుతుంది. నాకు కారమంటే ప్రాణం, నా ఇల్లు నడిచింది దానితోనే. కానీ కారం నిజానికి రుచి కాదు, మంట. మిరపలోని క్యాప్సైసిన్ అనే పదార్థం వేడినీ నొప్పినీ పసిగట్టే నాడులను తట్టి లేపుతుంది. అవి మండుతున్నంతసేపు సన్నని రుచులు తెలియవు. కాబట్టి ఆ రోజు పొద్దున్నుంచీ చప్పిడి తిండి తినండి. ఇడ్లీ, ముద్దపప్పు, పెరుగన్నం చాలు. తొక్కులు, ఊరగాయలు, వెల్లుల్లి కారం పక్కన పెట్టండి. జర్దా, సిగరెట్ అలవాటున్నవాళ్లు కనీసం రెండు మూడు గంటల ముందే ఆపాలి. టీ, కాఫీ కూడా అంతే.

రుచి అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం ముక్కు చేసే పని. అందుకే జలుబు చేసిన రోజు పెట్టుకోకండి, వాయిదా వేయండి. గదిలో అగరుబత్తి, రూమ్ స్ప్రే వద్దు. పక్క గదిలో చేపల పులుసు ఉడుకుతుండగా ట్రఫుల్ వాసన చూడలేరు.

ఒక రోజుకు ఒకటే వస్తువు. నలుగురికి మించి కూర్చోవద్దు. కడుపు మాడేంత ఆకలి వద్దు, నిండా తిని కూడా వద్దు. సాయంత్రం ఆరున్నర, ఏడు మంచి సమయం. టీవీ బంద్ చేయండి.

కుంకుమపువ్వుతో మొదలుపెట్టండి

నా లెక్కలో మొదటి మెట్టు ఇదే. శాకాహారులకూ పనికొస్తుంది, వరంగల్‌లో దొరుకుతుంది, పాడైపోతుందన్న టెన్షన్ లేదు. మంచి కశ్మీరీ రకం గ్రాము నాలుగైదు వందల పైమాటే, కానీ ఒక గ్రాము నలుగురున్న ఇంటికి చాలాసార్లు వస్తుంది.

పొడి కొనవద్దు, రేకులే, అంటే ఆ ఎర్రటి పోగులే కొనండి. పొడిలో ఏం కలిపారో ఎవరికీ తెలియదు. కశ్మీర్‌లో పాంపోర్ ప్రాంతం దీనికి పేరు. కశ్మీరీ కుంకుమపువ్వుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్రపంచంలో అన్నింటికంటే ఎక్కువ పండేది మాత్రం ఇరాన్‌లో, అది కూడా మంచిదే. డబ్బా మీద 'మోంగ్రా' అని ఉంటే ఎర్రటి కొసలు మాత్రమే ఉన్నాయని అర్థం. 'లచ్ఛా' అంటే కింద పసుపు కాడ కూడా కలిసి ఉంటుంది. లచ్ఛా ధర తక్కువ, అది నకిలీ ఏమీ కాదు. మోంగ్రా ధరకు లచ్ఛా అంటగడితేనే గొడవ.

ఇంటికి తెచ్చాక ఒక గాజు గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పోసి రెండు రేకులు వేసి కదపకుండా చూడండి. స్టీలు గ్లాసులో రంగు సరిగా కనిపించదు. మంచి కుంకుమపువ్వు తొందరపడదు. రేకు చుట్టూ సన్నటి పసుపు తీగ దిగడం మొదలవుతుంది, పది పదిహేను నిమిషాలకు నీళ్లు బంగారు రంగుకు వస్తాయి, రేకు మాత్రం ఎర్రగానే ఉంటుంది. వేయగానే నీళ్లు ఎర్రబడి, రేకు పాలిపోయిందంటే అది రంగు వేసిన సరుకు. ఒక రేకును నాలుక మీద పెట్టుకుంటే కాస్త చేదుగా ఉండాలి. తియ్యగా ఉంటే అనుమానించండి, బరువు కోసం ఏదో పూశారన్నమాట.

తినే పద్ధతి: ఎనిమిది పది రేకులు తీసుకుని చిటికెడు చక్కెరతో చిన్న రోట్లో నూరండి. రెండు చెంచాల గోరువెచ్చని పాలలో కలిపి అరగంట పక్కన పెట్టండి. తర్వాత ఒక గ్లాసు చిక్కటి పాలలో పోసి ఇద్దరు పంచుకోండి. ఏలకులు వద్దు, బాదం వద్దు, జాజికాయ అసలే వద్దు. మన పాయసాల్లో ఏలకుల వాసన మిగతావన్నీ మింగేస్తుంది. తాగే ముందు గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని రెండు మూడు సార్లు నెమ్మదిగా వాసన పీల్చండి. ఎండుగడ్డి, తేనె కలిసిన వాసన, వెనకాల సన్నగా చేదు. మా ఇంటామెకు మొదటి గుక్కకే నచ్చింది, ఆ తర్వాత నుంచి ఆ పాలలో చక్కెర కూడా వేయనివ్వడం లేదు. ఎక్కువ వేస్తే ఎక్కువ రుచి వస్తుందనుకోకండి, మందు తాగినట్టు అవుతుంది.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన దగ్గర కుంకుమపువ్వు అనగానే కడుపుతో ఉన్న పిల్లకు పాలలో కలిపి ఇవ్వడం, బిడ్డ తెల్లగా పుడుతుందనడం. బిడ్డ రంగు తల్లిదండ్రుల జన్యువులతో వచ్చేది, పాలతో వచ్చేది కాదు. ఇంత మంచి వాసన ఉన్న పువ్వును ఆ ఒక్క నమ్మకానికి కట్టేయడం అన్యాయం.

కేవియార్: డబ్బా విప్పిన దగ్గర్నుంచి

ఇది వరంగల్ షాపుల్లో నాకు కనిపించలేదు. హైదరాబాద్‌లో దిగుమతి సరుకులు అమ్మే దుకాణాల్లోనో, ఐస్‌లో పెట్టి పంపే ఆన్‌లైన్ షాపుల్లోనో తెప్పించుకోవాలి. 30 గ్రాముల చిన్న డబ్బా కూడా వేలల్లోనే ఉంటుంది. ఇద్దరు, మహా అయితే ముగ్గురు తినడానికి అది సరిపోతుంది. ఐదుగురు తింటే ఎవరికీ ఏమీ తెలియదు.

డబ్బా మీద ఉన్న చిన్న లేబుల్ చదవడం నేర్చుకోండి. స్టర్జన్ జాతులను విపరీతంగా వేటాడి అంతరించే దశకు తెచ్చారు కాబట్టి 1998 నుంచి వీటి అంతర్జాతీయ వ్యాపారం మొత్తం, అంతరించే జీవుల అమ్మకాలను అదుపు చేసే సైటిస్ ఒప్పందం కిందికి వచ్చింది. అందుకే ప్రతి డబ్బాకూ కోడ్ ఉంటుంది. మొదటి మూడు అక్షరాలు చేప జాతి: 'హెచ్‌యూఎస్' అంటే బెలూగా, 'జీయూఈ' అంటే ఒసెత్రా, 'బీఏఈ' అంటే సైబీరియన్ స్టర్జన్. తర్వాత వచ్చే 'సి' అనే అక్షరం అది పెంపకం చేపదని చెప్తుంది. 'డబ్ల్యూ' అంటే నదిలోనో సముద్రంలోనో పట్టినది. పెంపకం చేపదే కొనండి. చైనాలో, ఇటలీలో పెంచిన చేపల కేవియార్ నాణ్యంగానే ఉంటుంది, కేవియార్‌కు పేరుపడ్డ కాస్పియన్ సముద్రం పేరు కోసం ఎక్కువ పెట్టాల్సిన పని లేదు. మొదటిసారికి సైబీరియన్ చాలు. బెలూగాతో పోలిస్తే ధర బాగా తక్కువ, రుచి అర్థం కావడానికి సరిపోతుంది.

తెచ్చిన వెంటనే ఫ్రిజ్‌లో అన్నింటికంటే చల్లటి అరలో, వెనక్కి జరిపి పెట్టండి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టకండి, గడ్డకట్టి కరిగితే గుడ్లు పగిలి ముద్దవుతాయి. తినడానికి పది పదిహేను నిమిషాల ముందు బయటికి తీసి, వెడల్పు గిన్నెలో ఐస్ ముక్కలు పోసి వాటి మీద డబ్బా ఉంచండి. మూత అందరూ కూర్చున్నాకే తీయండి. మూత తీయగానే వాసన చూడండి. నీచు కొట్టకూడదు. సముద్రపు గాలిలాంటి తేలిక వాసన ఉండాలి. నీచు వాసన వస్తే అది పాత సరుకు, తినకుండా వెంటనే ఫోటో తీసి అమ్మినవాళ్లకు ఫిర్యాదు చేయండి.

చెంచా విషయంలో ముత్యపు చిప్పతో చేసినది వాడాలంటారు. వెండి చెంచా తగిలితే గుడ్లకు లోహపు రుచి వస్తుంది. ముత్యపు చిప్ప చెంచా కోసం మళ్లీ డబ్బు పెట్టకండి, చిన్న చెక్క చెంచా, ఐస్‌క్రీం తినే ప్లాస్టిక్ చెంచా బాగా పనిచేస్తాయి.

మొదటి ముద్దకు చెంచా కూడా అక్కర్లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చేతి వెనక భాగంలో కొద్దిగా పెట్టుకోండి. చేతికి సబ్బు వాసన, సెంటు వాసన ఉండకూడదు. ఒంటి వేడికి అది ఒక పది సెకన్లలో కాస్త వెచ్చబడుతుంది. అప్పుడు నోట్లోకి తీసుకుని, నమలకుండా, నాలుకతో అంగిలికి మెల్లగా అదమండి. గుడ్లు ఒక్కొక్కటే చిట్లుతాయి. ముందు ఉప్పు, తర్వాత వెన్న, చివర్న ఎండు గింజల్లాంటి రుచి మిగులుతుంది. ఆ చివరిది కాసేపు నోట్లో ఉండిపోతుంది, దానికే ఈ ధర. వెంటనే నీళ్లు తాగకండి, ఆ రుచి పోయేదాకా ఆగండి.

రెండో ముద్దను దేనితోనన్నా తినవచ్చు. బయటి దేశాల్లో బ్లినీ అనే చిన్న అట్లు, పుల్లటి మీగడ పెడతారు. మన ఇంట్లో ఉడికించిన ఆలుగడ్డ ముక్క, ఉప్పు వేయకుండా, బాగుంటుంది. రూపాయి బిళ్లంత చిన్న దోసె, దాని మీద గుడ్డలో వడగట్టిన కమ్మటి పెరుగు ఒక చుక్క, పైన కేవియార్ మా అల్లుడు చేశాడు. నాకైతే బ్లినీ కంటే అదే నచ్చింది. ఉల్లిగడ్డ, నిమ్మరసం, ఉడికిన గుడ్డు తురుము లాంటివి మొదటిసారి వద్దు, అసలు రుచిని కప్పేస్తాయి. విప్పిన డబ్బా రెండు రోజుల్లో అయిపోవాలి. దీంట్లో ఉప్పు ఎక్కువ కాబట్టి బీపీ ఉన్నవాళ్లు రుచి చూసి ఆపాలి. గర్భిణులు తినకపోవడం మంచిది.

మన గోదావరి చేప

చేప గుడ్ల దాకా వచ్చాం కాబట్టి పులస గురించి చెప్పాలి. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత తెలియనివాళ్లు లేరు, తిన్నవాళ్లు మన జిల్లాల్లో తక్కువ. ఏటూరునాగారం దగ్గర మనకూ గోదావరి ఉంది కదా, అక్కడ దొరకదా అని చాలామంది అడుగుతారు. దొరకదు. సముద్రంలో ఉండే ఈ చేప వరద నీటికి ఎదురీది గుడ్లు పెట్టడానికి నదిలోకి వస్తుంది, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర దారి మూసుకుపోతుంది. జూలై నుంచి సెప్టెంబర్ దాకా కాలం. యానాం వేలంలో ఒక్క చేప 20 వేలు దాటి పోయిన సందర్భాలున్నాయి.

ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి ఐస్‌లో వచ్చిన అదే జాతి సముద్రపు చేపను పులస అని అమ్మేవాళ్లు చాలామంది. హైదరాబాద్‌లోనో మన దగ్గరో ఎవరో పులస అన్నారని వేలు పోయకండి. నా సలహా, ఆ డబ్బుతో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. సాయంత్రం వరంగల్‌లో ఎక్కితే రాత్రికి రాత్రే రాజమండ్రి. అక్కడ తెలిసినవాళ్ల ఇల్లు ఉంటే అదృష్టం, లేకపోతే వండి పెట్టే హోటల్‌కు ముందు రోజే ఫోన్ చేసి చెప్పుకోవాలి. మట్టిచట్టిలో చింతపండు పులుసు, పచ్చిమిర్చి, బెండకాయలు వేసి సన్నటి సెగ మీద వండుతారు. గరిటె పెట్టరు, చట్టిని పట్టుకుని తిప్పుతారు. ముందు రోజు వండి మర్నాడు తింటేనే పులుసు ముక్కకు పడుతుంది. కాబట్టి ముందు చెప్పకుండా దిగి, ఆ మధ్యాహ్నానికే తిని వెళ్లిపోతామంటే కుదరదు.

ముళ్లు చాలా సన్నవి, చాలా ఎక్కువ. కొర్రమీనుకు అలవాటుపడిన మనకు ఇది కొత్త. ముక్కను వేళ్లతో విడదీసి, చిన్న చిన్న ముద్దలుగా, మాట్లాడకుండా తినాలి. చిన్నపిల్లలకు పులుసన్నం మాత్రమే పెట్టండి. జెన, అంటే గుడ్లు ఉన్న ముక్క మీ కంచంలో పడితే దాన్ని చివరికి దాచుకోండి.

అడవి నుంచి వచ్చేవి

తొలకరి పడ్డాక ములుగు, తాడ్వాయి రోడ్డు మీద ఆకుల్లో పుట్టగొడుగులు పెట్టుకుని అమ్ముతుంటారు. ఒక్కోసారి మటన్ ధరను మించి అడుగుతారు. బేరం ఆడకండి. చెదపురుగులు తమ పుట్టలో పెంచే బూజు నుంచి మొలిచే గొడుగు ఇది, చెదలు లేకుండా దీన్ని పెంచడం ఎవరి వల్లా కాలేదు. తెల్లవారకముందే అడవిలో తిరిగి ఏరితేనే ఆ ఆకుదొప్ప నిండుతుంది.

మీరు స్వయంగా ఏరే సాహసం మాత్రం వద్దు. విషపు గొడుగులు కూడా అదే వానకు మొలుస్తాయి. తరతరాలుగా ఏరుతున్న కోయవాళ్ల దగ్గర, తెలిసిన మనుషుల దగ్గర కొనండి. గొడుగు ఇంకా పూర్తిగా విచ్చుకోనివి, కాడ గట్టిగా ఉన్నవి ఏరుకోండి. అదే రోజు వండాలి. కాడ మీది మట్టిని కత్తితో గీకి, రెండు మూడు నీళ్లలో కడిగి, చేత్తో చీల్చండి. నూనెలో ఉల్లిగడ్డ, రెండు పచ్చిమిరపకాయలు, పసుపు, ఉప్పు, అంతే. గరం మసాలా, ధనియాల పొడి వేస్తే మసాలా కూర అవుతుంది, పుట్టగొడుగు కూర కాదు.

గుచ్చి హిమాచల్, కశ్మీర్ కొండల్లో మంచు కరిగాక దొరికే పుట్టగొడుగు. ఎండబెట్టి అమ్ముతారు, కిలో ధర పదుల వేలల్లో ఉంటుంది. 20 గ్రాములు కొంటే నలుగురికి పులావ్ అవుతుంది. గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టండి. దాని గూళ్లలో ఇసుక ఉంటుంది కాబట్టి చీల్చి కడగాలి. నానిన నీళ్లను పారబోయకుండా గుడ్డలో వడకట్టి బియ్యంలో పోయండి, సగం వాసన వాటిలోనే ఉంటుంది. పచ్చిగా, సగం ఉడికించి ఎప్పుడూ తినకూడదు, వాంతులవుతాయి. నెయ్యిలో బాగా మగ్గాలి.

ట్రఫుల్ పెద్ద హోటల్‌లోనే తినడం మేలు. తెల్లది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, నల్లది చలికాలం చివరి దాకా. తెల్లదాన్ని వండరు, వేడి పాస్తా మీదో గుడ్డు మీదో పల్చగా తురుముతారు. షాపుల్లో కనిపించే ట్రఫుల్ నూనె సీసాలను చూసి మోసపోకండి. చాలావాటిలో ఉండేది ల్యాబ్‌లో చేసిన వాసన మాత్రమే. అది తిని "ట్రఫుల్ తిన్నాను, నచ్చలేదు" అనుకుంటే నష్టం మీకే.

హోటల్‌లో

సిగ్గుపడాల్సిన పని అస్సలు లేదు. "ఇది మొదటిసారి తింటున్నాం, ఎలా తినాలో చెప్పండి" అని వడ్డించే తమ్ముణ్ణి నేరుగా అడగండి. మంచి చోటైతే వంట చేసిన మనిషే వచ్చి చెప్తాడు. పెద్ద రొయ్యలాంటి లాబ్‌స్టర్ వంటి వాటికి మెనూలో ధర రాయకుండా మార్కెట్ ధర అని ఉంటుంది. తూకం ఎంత, మొత్తం ఎంత అని ఆర్డర్ ఇచ్చే ముందే అడగాలి. ట్రఫుల్‌ను కొన్నిచోట్ల గ్రాముల లెక్కన తురుముతారు, ఎన్ని గ్రాములో ముందే చెప్పండి. రొయ్యలు, పీతలు పడనివాళ్లకు లాబ్‌స్టర్ కూడా పడకపోవచ్చు. పచ్చి ఆయిస్టర్లు, అంటే ఆల్చిప్పల మాంసం, షుగర్, లివర్ జబ్బు ఉన్నవాళ్లు తినకూడదు. అందులో ఉండగల విబ్రియో బ్యాక్టీరియా వాళ్లకు ప్రాణం మీదికి తెస్తుంది.

బిల్లు వచ్చాక చూడండి. పెద్ద హోటళ్లలో 18 శాతం జీఎస్టీ ఉంటుంది, అది కట్టాల్సిందే. సర్వీస్ చార్జీ వేరు. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది. వద్దంటే తీసేయాలి. తీయకపోతే 1915కు ఫోన్ చేయవచ్చు. బాగా చూసుకున్న పిల్లలకు చేతిలో టిప్పు ఇవ్వండి, అది నేరుగా వాళ్లకు చేరుతుంది.

నీసు తినని ఇళ్లవాళ్లకు, శనివారం పట్టింపు ఉన్నవాళ్లకు ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఇటలీ పార్మిజానో రెజ్జానో చీజ్ పాలతో చేసిందే అయినా, ఆ పాలను విరగ్గొట్టడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. ఆ పేరు పెట్టుకోవాలంటే అలాగే చేయాలన్నది వాళ్ల నియమం. ట్రఫుల్ పాస్తాలో తరచుగా ఆ చీజ్ ఉంటుంది. కాబట్టి "వెజ్జేనా?" అని మాత్రమే అడిగితే సరిపోదు, "ఏ చీజ్ వేస్తారు, రెన్నెట్ దేనిది?" అని అడగాలి. స్వీట్ల మీది వెండి రేకు గురించి మాత్రం, జంతువుల తోలు వాడి తయారుచేయకూడదని మన ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లోనే నిబంధన పెట్టింది.

ఫువా గ్రా అనే బాతు కాలేయం గురించి కొందరు అడుగుతుంటారు. గొంతులో గొట్టం పెట్టి బలవంతంగా మేపి ఆ కాలేయాన్ని ఉబ్బిస్తారు. దాని దిగుమతిని మన దేశం 2014లో నిషేధించింది. నిషేధించకపోయినా నేను తినమని చెప్పను.

ఎవరైనా వెయ్యి రూపాయలే ఉన్నాయంటే గ్రాము కుంకుమపువ్వు, పశ్చిమ గోదావరి కోకోతో చేసిన మంచి డార్క్ చాక్లెట్ బిళ్ల ఒకటి కొనమంటాను. చాక్లెట్‌ను నమలకుండా నాలుక మీద కరగనివ్వండి. మూడు నాలుగు వేలుంటే, వానాకాలంలో తాడ్వాయి దాకా పోయి పుట్టగొడుగులు తెచ్చుకుని, మిగిలిన దాంతో చలికాలానికి గుచ్చి కొని పెట్టుకోండి. కేవియార్‌కు నలుగురు స్నేహితులు డబ్బులు వేసుకుని రెండు చిన్న డబ్బాలు తెప్పించుకోవడం నయం. దిగుమతి సరుకు ఏది కొన్నా డబ్బా మీద దిగుమతిదారు పేరు, అడ్రస్, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉన్నాయో లేదో చూడండి. కుంకుమపువ్వును వెలుతురు తగలని చోట, గట్టి మూత డబ్బాలో ఉంచండి, స్టవ్ పక్కన అర మీద మాత్రం పెట్టవద్దు. గుచ్చిని గాజు సీసాలో పెట్టి వానాకాలంలో ఒకసారి తేమ చూసుకోండి.